కారు ఏదో చెబుతోంది, కాస్త ఆ పాట ఆపండి

పోయిన శనివారం పొద్దున్నే ఓ మిత్రుడు ఫోన్ చేశాడు. ఒకప్పుడు ఇద్దరం ఒకే ప్రాజెక్టులో పనిచేశాం. "గురూ, కారు సర్వీసుకిస్తే 34 వేలంటున్నారు. టైమింగ్ చైన్ మార్చాలిట. నిజమేనంటావా?" అన్నాడు.

చప్పుడేమన్నా వస్తోందా అన్నాను. వస్తోందన్నాడు. ఎలాంటి చప్పుడు? "అదే... ఏదో ఒకలాంటి చప్పుడు." పొద్దున్న చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? "గమనించలేదు." బండి నిలబెట్టినప్పుడు కూడా వస్తుందా, కదిలితేనే వస్తుందా? "అబ్బ, అవన్నీ ఎవరు చూస్తారు గురూ!" ఏసీ వేస్తే పెరుగుతోందా? ఈసారి జవాబే లేదు.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ఈ మహానుభావుడు ఆఫీసులో టెస్టింగ్ వాళ్ళు రాసిన బగ్గుల్ని "స్టెప్స్ టు రీప్రొడ్యూస్ లేవు" అనే ఒక్క ముక్కతో నిర్దాక్షిణ్యంగా తిప్పికొట్టడంలో పేరుమోసినవాడు. "అప్లికేషన్ పనిచేయట్లేదు" అని ఎవరైనా మెయిల్ పెడితే దాన్ని టీమందరికీ ఫార్వర్డ్ చేసి మరీ నవ్వుకునేవాడు. అదే మనిషి సొంత కారు దగ్గరికొచ్చేసరికి "ఏదో ఒకలాంటి చప్పుడు" అంటున్నాడు! ఆ ఒక్క ముక్క చెప్పి, 34 వేల ఎస్టిమేటు చేతిలో పట్టుకుని, దేవుడి మీద భారం వేసి కూర్చున్నాడు.

నవ్వుకునే హక్కు నాకు లేదనుకోండి. ఎందుకంటే నా కథ ఇంతకన్నా ఘోరం.

2013 సంక్రాంతికి హైదరాబాదు నుంచి విజయవాడ బయల్దేరాం. నేనూ, మా ఆవిడా, రెండేళ్ళ మా పాప. సెకండ్ హ్యాండులో కొన్న పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. ఏ కంపెనీదో ఎందుకులెండి, తప్పు కంపెనీది కాదు. రోడ్డు అప్పటికి కొత్తగా నాలుగు వరసలైంది, బండి హాయిగా పోతోంది. నార్కట్‌పల్లి దాటాక ముందువైపు నుంచి సన్నగా 'టక్ టక్ టక్' అని మొదలైంది. "ఏదో చప్పుడొస్తోంది కదూ" అంది మా ఆవిడ. "రోడ్డు చప్పుడు" అన్నాను. ఇంకో పది నిమిషాలకి మళ్ళీ అంది. ఈసారి నేనేం చేశానో తెలుసా? పాట సౌండు పెంచాను. నిజం, ఒట్టు. డాష్‌బోర్డు మీద నూనె డబ్బా బొమ్మలాంటి ఎర్ర దీపం ఒకసారి మిణుకుమని ఆరిపోయింది. "సెన్సరు లూజయ్యుంటుంది, విజయవాడ వెళ్ళాక చూపిద్దాం" అనుకున్నాను. సూర్యాపేట ఇంకా రాకముందే, 80 మీద పోతున్న బండి ఒక్కసారిగా ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు బిగిసింది. ఇంజను ఆగిపోయింది. స్టీరింగు రాయిలా అయ్యింది, బ్రేకు పెడలు గట్టిపడింది. వెనకాల ఒక లారీ. ఆ లారీ డ్రైవరు హారను కొడుతూ పక్కకి తప్పించుకున్నాడు కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను.

బండిని విజయవాడ ఆటోనగర్ దాకా ఈడ్పించుకుపోయాం. అక్కడ మా నాన్నకి తెలిసిన ఒక పెద్ద మేస్త్రి ఉన్నారు. "ఇంజను పట్టేసింది" అన్నారు చూడగానే. మర్నాడు ఇంజను విప్పి, అరచేతిలో ఓ చిన్న రేకు ముక్క పెట్టి చూపించారు. సగం గాజు ఆకారంలో, వేలెడంత వెడల్పు. కనెక్టింగ్ రాడ్డుకీ క్రాంకుకీ మధ్య ఉండే బేరింగు. బూడిదరంగులో నున్నగా ఉండాల్సింది అరిగిపోయి, లోపలి రాగిరంగు బయటపడి, అంచులు నలిగి ఉంది. బేరింగుకీ క్రాంకుకీ మధ్య వెంట్రుకలో సగమంత సందు ఉంటుంది. ఆ సందులో ఒత్తిడితో నూనె నిండి ఉన్నంతకాలం లోహం లోహాన్ని తాకదు. నూనె తగ్గింది, ఒత్తిడి పడిపోయింది, పొర తెగింది. సందు పెరిగింది, రాడ్డు ప్రతి చుట్టుకీ క్రాంకుని సుత్తితో కొట్టినట్టు కొట్టింది. ఆ సుత్తి దెబ్బలే నేను రోడ్డు చప్పుడన్నది.

"మొదటి చప్పుడు ఎక్కడ విన్నారు బాబూ?" అన్నారాయన. నార్కట్‌పల్లి దాటాక అన్నాను. "అంటే దగ్గర దగ్గర నలభై యాభై కిలోమీటర్లు బండి మీతో మొరపెట్టుకుంది. అప్పుడే ఆపి నూనె చూసుంటే వంద రూపాయల్లో పోయేదో, మహా అయితే బేరింగులతో పోయేదో. ఇప్పుడు క్రాంకు గ్రైండింగుకి పంపాలి" అన్నారు. ఆయన తిట్టలేదు. తిట్టినా బావుండేది.

పండగ మూడు రోజులూ నేను ఆ షెడ్డులోనే ఉన్నాను, ప్రాయశ్చిత్తం లాగా. అప్పుడు నేర్చుకున్నవీ, తర్వాత నా మట్టుకు నేను చదువుకున్నవీ, కొన్ని బళ్ళు పాడుచేసుకుని తెలుసుకున్నవీ కలిపి ఇవాళ చెప్పదలుచుకున్నది ఒక్కటే. చప్పుడు జబ్బు కాదు, లక్షణం. లక్షణాన్ని సరిగ్గా చెప్పగలిగేది ఆ బండిలో రోజూ కూర్చునే మనమే. ఆ పని మనం చెయ్యకపోతే మెకానిక్కు ఊహిస్తాడు, ఆ ఊహకి బిల్లు మనం కడతాం.

మన వాళ్ళకి తెలిసిన భాషలో చెప్పాలంటే ఇది బైనరీ సెర్చి. ప్రతి ప్రశ్నా సగం బండిని పక్కన పెట్టేయాలి. మొదటి ప్రశ్న: చప్పుడు ఇంజను వేగంతో మారుతోందా, బండి వేగంతో మారుతోందా? బండి నిలబెట్టి, న్యూట్రల్లో ఉంచి, యాక్సిలరేటరు నెమ్మదిగా తొక్కండి. చప్పుడు దానితో పాటు పరిగెడితే ఇంజను వైపు వెతకాలి. నిలబడ్డప్పుడు ఏమీ లేదు, రోడ్డెక్కి వేగం పెరిగే కొద్దీ 'గూఁ' అని పెరుగుతోందీ అంటే చక్రం బేరింగో టైరో అయ్యుండొచ్చు. ఎడమకి తిప్పితే పెరిగి, కుడికి తిప్పితే తగ్గితే కుడిచక్రం బేరింగుని అనుమానించాలి, మలుపులో బరువు బయటి చక్రం మీద పడుతుంది కాబట్టి. స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలినప్పుడు 'టకటక' అంటే యాక్సిల్ చివరి జాయింటు. ఈ ఒక్క ప్రశ్నతో ఇంజను విప్పాల్సిన అవసరం ఉందా లేదా అన్నది చాలావరకూ తేలిపోతుంది.

రెండో ప్రశ్న: చల్లటి ఇంజనా, వేడి ఇంజనా? పొద్దున్న సెల్ఫ్ కొట్టగానే రెండు మూడు సెకన్లు 'టికటిక' అని ఆగిపోతే రాత్రంతా కిందకి జారిన నూనె మళ్ళీ పైకెక్కుతోందని అర్థం, అంత కంగారు పడక్కర్లేదు. చల్లగా ఉన్నప్పుడు డొల్లగా కొట్టుకుని, వేడెక్కాక తగ్గేది పిస్టను అరుగుదల కావచ్చు. సైలెన్సరు గొట్టం ఇంజనుకి కలిసేచోట గ్యాస్కెట్ పోయినా ఇలాగే 'టపటప' అని వచ్చి, లోహం వేడికి వ్యాకోచించి సందు మూసుకోగానే తగ్గుతుంది. దీన్ని టాపెట్ సౌండనుకుని టాపెట్లు సరిచేసే వాళ్ళున్నారు. దీనికి తల్లకిందులుగా, వేడెక్కి నూనె పల్చబడ్డాక పెరిగే లోతైన 'టక్ టక్' ఉంటే మాత్రం అది నా నార్కట్‌పల్లి చప్పుడు. వెంటనే ఆపండి.

మూడో ప్రశ్న: బరువు మీద పడినప్పుడు ఏమవుతోంది? పై గేర్లో ఎత్తు ఎక్కుతూ తొక్కితే సీసాలో గోలీకాయలు వేసి ఊపినట్టు గలగలమంటే అది లోపల పెట్రోలు-గాలి మిశ్రమం వేళ తప్పి మండటం. కర్బనం పేరుకున్నా, బండి అడిగినదానికన్నా తక్కువ ఆక్టేనున్న పెట్రోలు పోసినా వస్తుంది. ఇప్పటి ఇంజన్లలో దీన్ని వినడానికే ఒక సెన్సరు ఉంటుంది. ఇంజను బ్లాకుకి బిగించిన ఒక చిన్న పీజో స్ఫటికం. అది వినగానే కంప్యూటరు స్పార్కు వేళని కాస్త వెనక్కి జరుపుతుంది. అంటే ఇంజను తనని తాను వినుకుంటోంది. వినందల్లా మనమే!

ఇందులో నాకు బాగా నచ్చింది ఒక చిన్న లెక్క. ఫోర్ స్ట్రోక్ ఇంజన్లో క్రాంకు రెండు చుట్లు తిరిగితే, వాల్వుల్ని నడిపే క్యామ్ ఒక్క చుట్టే తిరుగుతుంది. ఐడ్లింగులో 800 ఆర్పీఎమ్ అనుకుంటే క్రాంకు సెకనుకి 13 చుట్లు, క్యామ్ ఆరూ ఏడు చుట్లు. ఒక్క వాల్వు లూజైతే సెకనుకి ఆరేడు 'టిక్'లు పడతాయి. చెవికి దాదాపు లెక్కకి అందే వేగం. క్రాంకు ప్రతి చుట్టుకీ కొట్టే దెబ్బ దానికి రెట్టింపు వేగంతో పడుతుంది. ఫోనులో రికార్డు చేసి నెమ్మదిగా తిప్పి వింటే తేలిగ్గా లెక్కపెట్టొచ్చు. మొదటిది వేలల్లో పోయే టాపెట్ పని, రెండోది ఇంజను విప్పే పని. ఈ తేడా తెలుసుకోవడానికి ఒక్క నట్టు కూడా విప్పక్కర్లేదు.

ఇక మన తెలుగు సంగతి. ఇంగ్లీషులో మాట్లాడాల్సొస్తే మనలో చాలామందికి 'నాయిస్' దగ్గరే ఆగిపోతుంది. తెలుగులో ఎన్నున్నాయో చూడండి. టికటిక, టకటక, దడదడ, గరగర, కీచుమని, గణగణ, బుస్సుమని, గలగల, కటకట. మా మేస్త్రిగారికి ఇవి ఒక్కొక్కటీ ఒక్కో చిరునామా. కీచుమంటే బెల్టు. గరగరమంటే ఎండిన బేరింగు. బుస్సుమని, ఐడ్లింగు ఎగుడుదిగుడుగా ఉంటే ఎక్కడో గొట్టం చీలి గాలి పీలుస్తోంది. ఒక ఆర్పీఎమ్ దగ్గర మాత్రమే గణగణలాడి, దాటగానే పోతే సైలెన్సరు మీది వేడి రేకు బోల్టు ఊడింది. ఇవన్నీ శాస్త్రం కాదు, మొదటి అంచనా. తర్వాత పరీక్ష ఉండాల్సిందే. కానీ అంచనా లేని పరీక్ష గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

మరి సర్వీసు సెంటర్లో ఏం జరుగుతుంది? మనం అడ్వైజరుకి "స్టార్ట్ చేయగానే కీచుమంటోంది, ఏసీ వేస్తే గరగరమంటోంది" అని చెప్తాం (అదీ, చెప్పే ఓపిక ఉంటే). అతను జాబ్ కార్డు మీద 'అబ్నార్మల్ నాయిస్' అని కొడతాడు. లోపల పనిచేసే మెకానిక్కు చేతికి వెళ్ళేది ఆ రెండు ముక్కలే. అతను మనల్ని చూడడు, మనం అతన్ని చూడం. సాయంత్రం మూడోవాడెవడో ఫోన్ చేసి ఎస్టిమేటు చెప్తాడు. ఈ కథ మీకెక్కడో విన్నట్టు లేదూ? క్లయింటు ఒకటి చెప్తాడు, బిజినెస్ అనలిస్టు ఇంకోటి రాసుకుంటాడు, ఆన్‌సైటు వాడు మూడోది మెయిల్లో పంపుతాడు, ఇక్కడ మనం రాత్రి పదింటికి నాలుగోది కోడు రాస్తాం. ఈ గొలుసు వల్ల ఎన్ని ప్రాజెక్టులు మునిగాయో మనకన్నా బాగా ఎవరికి తెలుసు? అయినా కారు దగ్గర మాత్రం ఆ గొలుసు చివర నిలబడి, బిల్లు చూసి గుండెలు బాదుకుంటాం.

"అందుకేగా స్కానర్లున్నాయి" అంటారు కొందరు. ఉన్నాయి, మంచివే. ఈ రోజుల్లో చిన్న బ్లూటూత్ ముక్క కొని స్టీరింగు కింద ఉన్న ఓబీడీ సాకెట్టుకి తగిలిస్తే ఫోన్లోనే కోడులు చదువుకోవచ్చు. కానీ కోడు అంటే స్టాక్ ట్రేసులో ఆఖరి లైను లాంటిది. ప్రోగ్రాము ఎక్కడ పడిపోయిందో చెప్తుంది, ఎందుకు పడిపోయిందో చెప్పదు. పీ0301 వచ్చిందనుకోండి, మొదటి సిలిండరు మిస్సింగ్ కొడుతోందని అర్థం. స్పార్కు ప్లగ్గు కావచ్చు, కాయిల్ కావచ్చు, ఇంజెక్టరు కావచ్చు, కంప్రెషనే లేకపోవచ్చు. కోడు చూసి నాలుగు కాయిల్సూ మార్చేసేవాడు ఒకడు. మొదటి సిలిండరు కాయిల్ తీసి రెండో సిలిండరుకి పెట్టి, రెండోదాన్ని మొదటిదానికి పెట్టి, బండి నడిపి చూసేవాడు ఇంకొకడు. కోడు పీ0302 గా మారితే దొంగ దొరికినట్టే, మారకపోతే కాయిల్ నిర్దోషి. ఖర్చు సున్నా. నేను చూసిన డీబగ్గింగులో ఇంత ముచ్చటైనది ఇంకోటి లేదు. అన్నట్టు, నా సూర్యాపేట బండికి స్కానరు పెట్టుంటే కోడేమీ వచ్చేది కాదేమో. అరిగే బేరింగుని చూసే సెన్సరు ఆ బండిలో లేదు మరి. నా చెవి తప్ప.

ఐటీలో కాస్త పాతకాపులకి ఒక ఫార్వర్డ్ మెయిల్ గుర్తుండే ఉంటుంది. ఒకాయన కారు కంపెనీకి ఉత్తరం రాస్తాడు: "నా కారుకి వెనీలా ఐస్‌క్రీమంటే పడదు. వేరే ఏ రకం కొన్నా స్టార్టవుతుంది, వెనీలా కొంటే మాత్రం కాదు" అని. ఇంజనీరు నవ్వుకోకుండా వెళ్ళి రోజూ ఆయనతో పాటు తిరిగి, వేళలన్నీ రాసుకుంటాడు. చివరికి తేలిందేంటంటే వెనీలా దుకాణం ముందువైపే ఉంటుంది కాబట్టి త్వరగా కొనుక్కుని వచ్చేస్తాడు. అంతలో ఇంజను చల్లారదు, వేడికి ఆవిరైన పెట్రోలు గొట్టంలో అడ్డుపడి స్టార్టవదు. కథ కట్టుకథే అయ్యుండొచ్చు గానీ, పాత కార్బ్యురేటరు బళ్ళలో ఆ ఆవిరి అడ్డుపడటం మాత్రం నిజం. మనం ఈ మెయిల్ని "యూజరు చెప్పేది ఎంత వింతగా ఉన్నా వినాలి" అని నీతి రాసి మరీ పదిమందికి పంపాం. పాటించామా అంటే, అది వేరే విషయం.

అమెరికాలో ఉండొచ్చినవాళ్ళలో కొందరైనా 'కార్ టాక్' వినే ఉంటారు. ఎన్‌పీఆర్ రేడియోలో టామ్, రే మాలియోజీ అనే అన్నదమ్ములు చేసేవారు. ఇద్దరూ ఎమ్ఐటీలో చదువుకుని, కేంబ్రిడ్జిలో గ్యారేజీ పెట్టుకున్నవాళ్ళు. 1987 నుంచి దేశమంతా వినిపించింది, 2012లో కొత్త ఎపిసోడ్లు ఆపేశారు, 2014లో టామ్ పోయాడు. ఫోన్ చేసినవాళ్ళు తమ కారు చప్పుడుని నోటితో చేసి వినిపిస్తే, వాళ్ళు పగలబడి నవ్వుతూనే ప్రశ్న మీద ప్రశ్న వేసి జబ్బు పట్టుకునేవారు. నన్ను ఆకట్టుకుంది ఆ తెలివి కాదు. అప్పుడప్పుడూ పాత కాలర్లని మళ్ళీ పిలిచి "మేం చెప్పింది నిజమేనా, తప్పా?" అని అందరి ముందూ తేల్చుకునేవారు. తప్పైతే తమని తామే ఎగతాళి చేసుకునేవారు. మన సర్వీసు సెంటర్ల నుంచీ ఫోను వస్తుంది, ఎందుకు రాదు! "సార్, పదికి పది ఇవ్వండి సార్" అని. చప్పుడు పోయిందా అని మాత్రం ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

సరే, అంతా సర్వీసు సెంటర్ల మీదకి తోసేయడం న్యాయం కాదు. వాళ్ళ వైపు నుంచి చూడండి. మనం ఉదయం తొమ్మిదింటికి బండి పడేసి సాయంత్రానికి కావాలంటాం. అప్పుడప్పుడూ వచ్చే చప్పుడు మెకానిక్కు ముందు రాదు. బిల్లులో పార్టులకో గడి ఉంటుంది, లేబరుకో గడి ఉంటుంది, కారణం కనిపెట్టినందుకు చాలాచోట్ల గడే ఉండదు. అంటే గంటసేపు విని, "ఈ బోల్టు బిగించాను సార్, ఇంకేం అక్కర్లేదు" అన్నవాడికి ఏమీ రాదు. ఊహించి 34 వేల పార్టు మార్చినవాడికి పేరూ వస్తుంది, టార్గెట్టూ నిండుతుంది. పైగా పార్టు మార్చేటప్పుడు చుట్టూ నాలుగు విప్పి బిగిస్తారు కాబట్టి చప్పుడు పోతే, అదే కారణమని అందరం నమ్మేస్తాం. సర్వరు రీస్టార్ట్ చేస్తే సమస్య పోయింది కాబట్టి రీస్టార్టే పరిష్కారం అన్నట్టు.

ఆ గడి లేకపోవడానికి సగం కారణం మనమే. మన మిత్రుడి కథకే వస్తాను. సాయంత్రం కారు మా వీధి చివర ఉన్న చిన్న షెడ్డుకి తీసుకెళ్ళాం. ముందు మేమిద్దరం కూర్చుని విన్నాం. నిలబడ్డప్పుడు వస్తోంది, ఇంజను వేగంతో పరిగెడుతోంది, గరగర, ఏసీ వేస్తే ఇంకాస్త. ఈ నాలుగు ముక్కలూ మెకానిక్కు కుర్రాడికి చెప్పాం. అతను పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి, పిడి చెవికి ఆనించి, కొన ఒక్కోచోట పెట్టి విన్నాడు. ఆల్టర్నేటరు, టెన్షనరు, టైమింగ్ కవరు. తర్వాత ఇంజను ఆపి, బెల్టు తీసేసి, మళ్ళీ ఓ అర నిమిషం మాత్రం నడిపాడు. చప్పుడు మాయం! టైమింగ్ చైన్ ఇంజను లోపల ఉంటుంది, బయటి బెల్టు తీస్తే దాని చప్పుడు పోకూడదు. కాబట్టి చైన్ నిర్దోషి. బెల్టు నడిచే పుల్లీలు ఒక్కొక్కటే చేత్తో తిప్పాడు. ఐడ్లర్ పుల్లీ దగ్గర చేతికే గరగర తెలిసింది, లోపలి బేరింగు ఎండిపోయింది. చైనూ ఆ పుల్లీ ఇంజనుకి ఒకే వైపున ఉండటంతో పైనుంచి వినేవాళ్ళకి రెండూ ఒకచోటి నుంచే వచ్చినట్టుంటుంది. సర్వీసు సెంటరు వాళ్ళది మోసమని నేననను, తొందర. పుల్లీ 1150, లేబరు 500. మొత్తం 1650 రూపాయలు.

అప్పుడు మన మిత్రుడన్న మాట వినండి. "పావుగంట పనికి 500 ఎందుకయ్యా? 300 తీస్కో" అన్నాడు!

34 వేలు మిగిల్చిన మనిషితో 200 కోసం బేరం. నాకు ఒళ్ళు మండింది. మనం గంటకింతని బిల్లు చేసుకుని బతుకుతున్నవాళ్ళం. నాలుగు గంటలు లాగులు చూసి, ఒక్క లైను కోడు మార్చినప్పుడు, "ఒక్క లైనుకి ఇంత డబ్బా?" అని క్లయింటు అంటే మనకెలా ఉంటుంది? పావుగంటలో తేల్చడానికి ఆ కుర్రాడు ఎన్నేళ్ళు చెవి ఆనించి విన్నాడో! వినడానికి డబ్బివ్వని ఊళ్ళో వినేవాళ్ళు మిగలరు, మార్చేవాళ్ళే మిగులుతారు. మేం 1650 ఇచ్చి, పైన ఇంకో 500 పెట్టి వచ్చాం. పెట్టించాను అనాలి :-)

కాబట్టి నేను చెప్పొచ్చేదేమిటంటే, చప్పుడొస్తే ఈ మూడు పనులు చెయ్యండి. ఎప్పుడు, ఎలా, దేనితో పాటు వస్తోందో ఒక కాయితం మీద తెలుగులోనే రాసి, ఫోన్లో రికార్డు చేసి పెట్టుకోండి. అడ్వైజరుతో కాదు, పనిచేసే మెకానిక్కుతో ఒక్క రౌండు బండిలో తిరుగుతానని పట్టుబట్టండి. పెద్ద పార్టు మార్చాలంటే "అదేనని ఎలా తేల్చారు?" అని ఒక్క ప్రశ్న అడగండి. కనిపెట్టినందుకు విడిగా డబ్బిస్తానని కూడా చెప్పండి. జవాబు చెప్పగలిగినవాడి దగ్గరే చేయించుకోండి. ఇక స్క్రూడ్రైవరూ, బెల్టూ మాత్రం తెలియకుండా మీరు ముట్టుకోకండి. తిరిగే బెల్టు వేళ్ళని వదలదు, రేడియేటరు ఫ్యాను ఇంజను ఆపాక కూడా హఠాత్తుగా తిరగొచ్చు. ఎర్ర నూనె దీపం వెలిగినా, వేడి ముల్లు పైకెళ్ళినా, లోతైన 'టక్ టక్' మొదలైనా, ఇంటికి వెళ్ళాక చూద్దాం అనుకోవద్దు. పక్కకి తీసి ఇంజను ఆపెయ్యండి. ఈడ్పించుకెళ్ళే ఖర్చు ఎప్పుడూ ఇంజను కన్నా తక్కువే.

కరెంటు కార్లొస్తున్నాయి కదా, ఈ గోలంతా ఎందుకంటారా? వాటికి పిస్టన్లు లేవు నిజమే. చక్రాలూ, బేరింగులూ, ఏసీలూ ఉన్నాయి. పైగా ఇంజను మోత లేకపోయేసరికి చిన్న చప్పుడు కూడా బాగా వినపడుతుంది. వినే అలవాటు అక్కడా పనికొస్తుంది.

ఆటోనగర్లో ఆఖరి రోజు, ఇంజను బిగించి స్టార్ట్ చేశాక మేస్త్రిగారు నన్ను పిలిచి, స్క్రూడ్రైవరు నా చేతికిచ్చారు. పిడి చెవికి పెట్టుకుని ఇక్కడ వినండి, ఇప్పుడక్కడ వినండి అని ఒక్కోచోటా వినిపించారు. ఇంజెక్టర్ల సన్నటి టికటిక, ఆల్టర్నేటరు మెత్తటి జుమ్మనే మోత, కింద క్రాంకు దగ్గర బరువైన నిదానం. "ఇప్పుడు బాగైపోయింది కదా, ఇంకెందుకు మేస్త్రిగారూ?" అన్నాను. "బాగున్నప్పుడు ఎలా ఉంటదో తెలీని మనిషికి, బాగోనప్పుడు ఏం తెలుస్తది బాబూ" అన్నారాయన.

ఆ రోజు నుంచీ నెలకోసారి, పొద్దున్నే బానెట్ ఎత్తి, పాట ఆపి, ఒక్క నిమిషం వింటాను. తర్వాత డిప్‌స్టిక్ లాగి నూనె చూస్తాను. మా ఆవిడ దీన్ని నా సంధ్యావందనం అంటుంది. అననీండి. ఈసారి "ఏదో చప్పుడొస్తోంది కదూ" అని పక్కసీటు నుంచి వినపడితే, నా చెయ్యి వెళ్ళేది సౌండు తగ్గించడానికే.